మతిమరుపును కొలిచిన చరిత్ర: ఆల్జైమర్ ప్రయోగశాల నుంచి వెల్లూరు పల్లెల దాకా

2008లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. లాటిన్ అమెరికా దేశాలు, చైనా, భారత్‌లలో 65 ఏళ్లు దాటినవాళ్లలో డిమెన్షియా ఎంతమందికి ఉందో లెక్క తీసిన అధ్యయనం అది. మన దేశం నుంచి చెన్నై నగరం, వెల్లూరు ప్రాంతపు పల్లెలు అందులో ఉన్నాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం వాడే డీఎస్ఎం-4 ప్రమాణంతో చూస్తే గ్రామీణ భారతంలో డిమెన్షియా 0.3 శాతమే. అదే సర్వేలో, అదే మనుషులను పరిశోధకులు తయారుచేసుకున్న మరో పద్ధతితో చూశారు. అప్పుడు ఏ దేశంలోని ఏ కేంద్రంలోనూ సంఖ్య 5.6 శాతానికి తగ్గలేదు.

అంటే ఒక లెక్క ప్రకారం వెయ్యిమంది వృద్ధులలో ముగ్గురు. ఇంకో లెక్క ప్రకారం కనీసం యాభై ఆరుగురు. మధ్యలో మనుషులు మారలేదు, వాళ్ల మెదళ్లూ మారలేదు. మారింది కొలబద్ద.

మెదడు వార్ధక్యం గురించి చదివేటప్పుడు మనం సాధారణంగా అమైలాయిడ్, టావ్, కొత్త మందుల పేర్లు గుర్తుపెట్టుకుని వదిలేస్తాం. ప్రిలిమ్స్‌కు అది సరిపోవచ్చు. మెయిన్స్‌లో సమాజం, ఆరోగ్యం, బలహీన వర్గాల విధానం అన్నీ కలిపి రాయాల్సి వస్తే మాత్రం వేరే ప్రశ్న వేసుకోవాలి: మన దేశంలో ఈ జబ్బు ఉందని ఎవరు, ఎప్పుడు, దేనితో కొలిచి చెప్పారు? లెక్కలోకి రాని మనిషి బడ్జెట్‌లోకి కూడా రాడు. కాబట్టి ఇది గణాంకాల వివాదంతో ముగిసేది కాదు.

జబ్బుకు పేరు ఎలా వచ్చింది?

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయానికి ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ల మహిళను తీసుకొచ్చారు. జ్ఞాపకశక్తి దెబ్బతినడం, భర్తపై అకారణ అనుమానం, ఎక్కడున్నదీ తెలియకపోవడం ఆమె లక్షణాలు. ఆమెను పరీక్షించిన వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించాక మెదడును తెప్పించుకుని సూక్ష్మదర్శిని కింద చూశాడు. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో తాను చూసింది వివరించాడు. నాడీ కణాల బయట పేరుకున్న ముద్దలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు. నేడు మనం ప్లాక్‌లు, టాంగిల్స్ అంటున్నవి ఇవే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం ఉంది. ఆ పోగులు కనబడటానికి కారణం అప్పటికి కొద్ది ఏళ్ల ముందే మాక్స్ బీల్షోవ్‌స్కీ రూపొందించిన వెండి రసాయన రంజన పద్ధతి. ఆ రంగు వేయకపోతే కణజాలంలో ఆ చిక్కులు స్పష్టంగా తెలిసేవి కావు. అంటే ఈ జబ్బు చరిత్ర మొదలైందే ఒక కొత్త పరికరంతో.

1910లో ఎమిల్ క్రేపెలిన్ తన మానసిక వైద్య గ్రంథంలో దీనికి ఆల్జైమర్ పేరు పెట్టాడు. ఆ పేరుతోపాటు ఒక హద్దు కూడా వచ్చి చేరింది. ఇది నడి వయసువాళ్లకు వచ్చే అరుదైన జబ్బు అన్న అర్థం స్థిరపడింది. 70, 80 ఏళ్లవాళ్లకు మతి తప్పితే అది వేరు. ముసలితనం, రక్తనాళాలు గట్టిపడటం అనుకునేవారు. దాదాపు అరవై ఏళ్లకు పైగా వైద్యం ఇదే విభజనతో నడిచింది. 1976లో అమెరికన్ న్యూరాలజిస్ట్ రాబర్ట్ కాట్జ్‌మన్ ఒక సంపాదకీయంలో రెండూ ఒకటేనని వాదించాడు. వయసు హద్దు తీసేయగానే అరుదైన జబ్బు కాస్తా ప్రధాన మరణ కారణాల్లో ఒకటిగా మారిపోయింది. అప్పుడు కూడా మెదళ్లలో కొత్తగా వచ్చిన మార్పేమీ లేదు. నిర్వచనం ఒక్కటే మారింది.

మెదడులో జరిగేది ఏమిటి?

వయసుతో వచ్చే మార్పునూ జబ్బు తెచ్చే మార్పునూ ముందు విడదీసి చూడాలి. వయసు పెరిగేకొద్దీ మెదడు పరిమాణం కొంత తగ్గుతుంది, సమాచారాన్ని గుర్తుకు తెచ్చుకునే వేగం మందగిస్తుంది. తెలిసిన మనిషి పేరు చప్పున నోటికి రాదు, కాసేపటికి వస్తుంది. ఆల్జైమర్స్‌లో అలా కాదు. కొత్త జ్ఞాపకాలను నిలవచేయడంలో కీలకమైన హిప్పోక్యాంపస్, దాని పక్కనున్న ఎంటోరైనల్ కార్టెక్స్ మొదట దెబ్బతింటాయి. అందుకే రోగికి చిన్ననాటి ఊరు గుర్తుంటుంది గాని గంట క్రితం భోంచేసిన సంగతి గుర్తుండదు.

1984లో జార్జ్ గ్లెన్నర్ బృందం బీటా అమైలాయిడ్ అనే ప్రొటీన్ ముక్కను వేరుచేసింది. 1991లో లండన్ పరిశోధకులు ఆ ప్రొటీన్‌కు మూలమైన జన్యువులో లోపాన్ని గుర్తించారు. 1992లో జాన్ హార్డీ, జెరాల్డ్ హిగిన్స్ దాన్నొక సిద్ధాంతంగా చెప్పారు: ముందు అమైలాయిడ్ పేరుకుంటుంది, దాని వెంట టావ్ చిక్కులు, కణాల మరణం, మతిమరుపు వరసగా వస్తాయి. 1993లో ఏపీఓఈ-4 అనే జన్యు రూపం ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. అమైలాయిడ్ పేరుకోవడం లక్షణాలు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుందని నేడు తెలుసు.

అయితే ఈ చిత్రం ఒకచోట సరిపోలేదు. 1986లో అమెరికాలో డేవిడ్ స్నోడన్ మొదలుపెట్టిన 'నన్ స్టడీ'లో 678 మంది క్రైస్తవ సన్యాసినులు పాల్గొన్నారు. ఏటా పరీక్షలకు కూర్చుని, మరణానంతరం మెదడును దానం చేయడానికి ఒప్పుకున్నారు. 101 ఏళ్లు బతికిన ఒక సిస్టర్ చివరిదాకా పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నారు. మరణానంతరం చూస్తే ఆమె మెదడు నిండా ప్లాక్‌లు, చిక్కులు! యవ్వనంలో వాళ్లు రాసుకున్న స్వీయ పరిచయాల్లో భావాలు ఎంత చిక్కగా ఉంటే, ముసలితనంలో మతి అంత నిలకడగా ఉందని కూడా ఆ అధ్యయనం గమనించింది. ఒకే పాటి నష్టం ఇద్దరి మెదళ్లలో ఉన్నా ఒకరు మామూలుగా తిరుగుతారు, ఇంకొకరు ఇంటి దారి మరిచిపోతారు. ఈ తేడాను వివరించడానికి 'కాగ్నిటివ్ రిజర్వ్' అన్న భావన వచ్చింది. చదువు, వృత్తి, భాషలు, సామాజిక జీవితం మెదడుకు ఒక నిల్వను సమకూరుస్తాయన్నది దాని సారం.

ఇక్కడే మన దేశపు ప్రశ్న మొదలవుతుంది. నిల్వకు చదువే ఆధారమైతే, బడి ముఖం చూడని కోట్లాది వృద్ధుల సంగతేమిటి?

పేరుంది, రోగమన్న లెక్క లేదు

మతి తప్పడం మనకు కొత్త కాదు. తెలుగులో ముసలి చాదస్తం అంటాం. కన్నడిగులు అరవై ఏళ్లకు 'అరళు మరళు' అంటారు. హిందీలో అరవైకి 'సాఠ్' అనే మాట నుంచే 'సఠియా జానా' వచ్చింది. కేరళ పల్లెల్లో ఇలాంటివాళ్ల స్థితిని 'చిన్నన్' అంటారని, అంటే చిన్నపిల్లల తీరు అని, అక్కడ పనిచేసిన వైద్య పరిశోధకులు నమోదు చేశారు. అన్ని మాటల్లోనూ ఉన్న ఊహ ఒకటే: ఇది వయసు గుణం, దీనికి డాక్టరు అక్కర్లేదు.

అమెరికన్ మానవ శాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ వారణాసిలో పరిశోధన చేసి 1998లో 'నో ఏజింగ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం వెలువరించాడు. ముసలివాళ్ల మతి చెడటాన్ని అక్కడి వాళ్లు మెదడు జబ్బుగా కాక కుటుంబం చెడటానికి గుర్తుగా చూడటం ఆయన గమనించిన ముఖ్యాంశం. ఉమ్మడి కుటుంబం చక్కగా ఉంటే ముసలివాళ్లకు ఈ గతి పట్టదన్న నమ్మకం అది. దీనికి రెండు పర్యవసానాలున్నాయి. ఒకటి, పాశ్చాత్య దేశాల జబ్బు మనకు లేదన్న ధీమా. రెండు, ఇంట్లో ఎవరికైనా వస్తే బయటికి చెప్పుకోలేని సిగ్గు, ఆ సిగ్గులో ఎక్కువ భాగం కోడలి నెత్తిన పడటం.

1992లో కేరళలోని కున్నంకుళంలో అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. డాక్టర్ కె. జేకబ్ రాయ్ దాని వ్యవస్థాపకులు. 1995లో బెంగళూరు నిమ్హాన్స్‌లో ఎస్.కె. శంకర్ చొరవతో మెదడు కణజాల భాండాగారం మొదలైంది. మన మెదళ్లను మనమే భద్రపరచి చదువుకునే ఏర్పాటు అలా వచ్చింది. కాని సమాజంలో ఎంతమందికి ఉందో తెలియాలంటే ఊళ్లలోకి వెళ్లాలి.

బల్లభ్‌గఢ్: ప్రశ్నపత్రాన్నే మార్చాల్సి వచ్చింది

హరియాణాలోని ఫరీదాబాద్ జిల్లా బల్లభ్‌గఢ్ పల్లెల్లో 1990లలో ఒక భారత-అమెరికా అధ్యయనం జరిగింది. మేరీ గంగూలీ, విజయ్ చంద్ర వంటి పరిశోధకులు దీన్ని నడిపారు. 55 ఏళ్లు పైబడిన 5,126 మందిని చూశారు. వాళ్లలో 73 శాతం నిరక్షరాస్యులు.

ప్రపంచమంతా వాడే పరీక్ష 1975లో వచ్చిన మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. 30 మార్కులు. అందులో 100 నుంచి ఏడేసి తీసేస్తూ చెప్పాలి, కాగితం మీదున్న వాక్యం చదివి అలా చేయాలి, సొంతంగా ఒక వాక్యం రాయాలి. ఎన్నడూ పలక పట్టని రైతుకు ఈ పరీక్ష పెడితే మార్కులు తగ్గుతాయి. అతని మెదడు బాగాలేదని కాదు, ఆ పరీక్ష కొలిచేది బడి చదువును.

గంగూలీ బృందం హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ తయారుచేసింది. 100 నుంచి ఏడేసి బదులు 20 నుంచి మూడేసి తీయమన్నారు. వాక్యం రాయడం బదులు తమ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. కళ్లు మూసుకోమని రాసిన కాగితం బదులు, పరీక్షకులు తాము కళ్లు మూసి తమలాగే చేయమన్నారు. ప్రశ్న మారింది కాని పరీక్షించే మానసిక శక్తి అదే ఉండేలా చూశారు. ఇంజినీరింగ్ భాషలో ఇది క్యాలిబ్రేషన్. చల్లటి దేశంలో సరిచేసిన పరికరాన్ని వేడి దేశంలో మళ్లీ సరిచేయకుండా వాడితే వచ్చే రీడింగ్‌ను నమ్మలేం కదా.

ఇంత జాగ్రత్తగా చేసినా ఫలితం ఆశ్చర్యపరిచింది. 65 ఏళ్లు దాటినవాళ్లలో అన్ని రకాల డిమెన్షియా కలిపి 1.36 శాతమే. కొత్తగా ఆల్జైమర్స్ వచ్చే రేటు వెయ్యి వ్యక్తి-సంవత్సరాలకు 4.7. పోలిక కోసం తీసుకున్న అమెరికా పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మొనాంగహీలా లోయలో అది 17.5.

ఇంత తేడా ఎందుకు? ఏపీఓఈ-4 జన్యు రూపం బల్లభ్‌గఢ్‌లో అమెరికా నమూనా కంటే తక్కువగా కనిపించింది. జబ్బు వచ్చినవాళ్లు ఎక్కువ కాలం బతకకపోతే సర్వే రోజున లెక్కకు చిక్కేవాళ్లూ తగ్గుతారు. ఇవి నిజమైన కారణాలే. కాని అదే దశాబ్దంలో చెన్నై దగ్గర తిరుప్పోరూరులోనూ, కేరళ పల్లెల్లోనూ 60 ఏళ్లు దాటినవాళ్లను చూసిన అధ్యయనాలు సుమారు 3.5 శాతం అన్నాయి. ఒకే దేశంలో ఇంత అంతరం ఉంటే కొలతలోనూ ఏదో ఉందని అనుమానించక తప్పదు.

వెల్లూరు: ఇంట్లోవాళ్లు ఏం చెప్పారు?

1998లో కొచ్చిలో జరిగిన అల్జీమర్స్ సదస్సులో '10/66' పరిశోధన బృందం పుట్టింది. పేరులోనే విమర్శ ఉంది. డిమెన్షియా ఉన్నవాళ్లలో 66 శాతం వర్ధమాన దేశాల్లో ఉంటే, జనాభా ఆధారిత పరిశోధనల్లో 10 శాతం కూడా అక్కడ జరగడం లేదని దాని అర్థం. మార్టిన్ ప్రిన్స్ నాయకత్వంలో ఈ బృందం చేసిన పనే మొదట్లో చెప్పుకున్న 2008 అధ్యయనం.

డీఎస్ఎం-4 ప్రకారం జ్ఞాపకశక్తి తగ్గితే చాలదు. ఆ తగ్గుదల వల్ల ఉద్యోగ, సామాజిక జీవితం దెబ్బతిన్నట్టు తేలాలి. ఆ సంగతి ఇంట్లోవాళ్లు చెప్పాలి. ఈ ప్రశ్న ఒక అమెరికన్ వృద్ధుడికి సరిపోతుంది. అతను ఒంటరిగా ఉంటాడు, కారు నడుపుతాడు, బ్యాంకు చెక్కులు రాసుకుంటాడు. మతి తప్పితే నెలలో బయటపడిపోతుంది.

మన పల్లెలో డెబ్బై ఐదేళ్ల అవ్వ సంగతి చూడండి. వంట కోడలు చేస్తుంది. పింఛను తేవడానికి మనవడు వెంట వెళతాడు. మందులు కొడుకు తెచ్చిస్తాడు. ఆమె అరుగు మీద కూర్చుంటుంది. "రోజువారీ పనుల్లో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగితే, "లేదండీ, బాగానే ఉంది, వయసు కదా" అంటారు ఇంట్లోవాళ్లు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. ఆమె చేయాల్సిన పనులే లేనప్పుడు చేయలేకపోవడం ఎవరికి కనిపిస్తుంది? జబ్బును కుటుంబమే తన ఒంటిమీద మోస్తోంది, కాబట్టి జబ్బు లేనట్టు రికార్డవుతోంది. 0.3 శాతం వెనుక ప్రధానంగా ఉన్నది ఇదే.

10/66 పద్ధతి వృద్ధుల పరీక్ష, ఇంట్లోవాళ్లతో సంభాషణ, మానసిక స్థితి ఇంటర్వ్యూ, పదాలు నేర్చుకుని గుర్తుంచుకునే పరీక్ష అన్నీ కలిపి, చదువు ప్రభావం పడకుండా తూకం వేసింది. మరీ వదులుగా కొలిచి ఆరోగ్యవంతులను కూడా రోగుల్లో కలిపేశారేమో అన్న అనుమానం సహజం. దానికి జవాబు చెన్నైలో దొరికింది. మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, 10/66 పద్ధతి రోగులుగా గుర్తించినవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయి, మిగిలినవాళ్ల మతి మరింత క్షీణించింది. ఆరోగ్యవంతులైతే అలా జరగదు.

సామాజిక శాస్త్రం చదివే మనకు ఇందులో ఒక పాఠం ఉంది. ఉమ్మడి కుటుంబం వృద్ధులకు రక్షణ అని వ్యాసాల్లో రాస్తుంటాం. అది నిజమే, కాని ఆ రక్షణ ప్రభుత్వానికి సమస్య కనబడకుండా కూడా చేస్తుంది. రక్షణ ఇచ్చే చేతులు ఎవరివో 2019 టైమ్ యూజ్ సర్వే చెబుతుంది. జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు.

హైదరాబాద్: చదువు లేని చోట భాష

చదువు లేనివాళ్లకు మెదడు నిల్వ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఒక జవాబు హైదరాబాద్ నిమ్స్ నుంచి వచ్చింది. సువర్ణ అల్లాది బృందం, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు థామస్ బాక్‌తో కలిసి, 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులు పరిశీలించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ప్రచురించింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. నిరక్షరాస్యుల్లోనూ ఈ తేడా కనిపించింది.

ఇలాంటి ఫలితం అంతకుముందు కెనడాలోని టొరంటో నుంచి వచ్చింది. కాని అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లా, వలస వల్లా అన్నది తేలలేదు. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ లేదా దక్కనీ, ఆఫీసులో హిందీ, ఇంగ్లిష్ మాట్లాడటం ఇక్కడ పుట్టిపెరిగినవాళ్లకే మామూలు. 2016లో అదే బృందం 608 మంది పక్షవాత రోగుల మీద చేసిన అధ్యయనంలో, స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం.

దీన్ని జాగ్రత్తగా వాడాలి. ఇవి ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలు, మొత్తం జనాభావి కావు. రెండింటి మధ్య సంబంధం కనిపించింది గాని అదే కారణమని రుజువు కాలేదు. అయినా దీని విలువ తగ్గదు. మన సమాజాన్ని పాశ్చాత్య కొలతలో లోటుగానే కాక, కొత్త ప్రశ్నకు ప్రయోగశాలగా చూడవచ్చని ఈ పని చూపింది.

88 లక్షలు: అందులో ఎవరు ఎక్కువ?

2010 డిమెన్షియా ఇండియా నివేదిక దేశంలో 37 లక్షల మంది రోగులున్నారని అంచనా వేసింది. తర్వాత పెద్ద అడుగు 'లాసీ', అంటే లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా. ముంబైలోని ఐఐపీఎస్ నడిపిన దీని మొదటి విడత 2017-18లో 45 ఏళ్లు పైబడిన సుమారు 72,000 మందిని చేరింది. దీనిలో భాగంగా 60 ఏళ్లు దాటిన 4,096 మందికి మతి పరీక్షలు చేసిన అనుబంధ అధ్యయనం లాసీ-డాడ్. 2023లో వచ్చిన దాని అంచనా: 60 పైబడినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతం, సుమారు 88 లక్షల మంది. 2036 నాటికి 1.69 కోట్లు.

37 లక్షలు 88 లక్షలయ్యాయంటే జబ్బు పదేళ్లలో రెట్టింపు దాటిందని రాయకండి. జనాభా వయసు పెరగడం ఒక కారణం, కొలత మెరుగుపడటం మరో ముఖ్య కారణం.

లోపలి అంకెలే ఎక్కువ మాట్లాడతాయి. స్త్రీలలో 9.0 శాతం, పురుషుల్లో 5.8. పల్లెల్లో 8.4, పట్టణాల్లో 5.3. చదువు తగ్గేకొద్దీ ముప్పు పెరుగుతోంది. 2017లో 60 దాటిన స్త్రీ 1957కు ముందు పుట్టింది. 1951 జనగణనలో స్త్రీల అక్షరాస్యత 8.86 శాతం, 1961లో 15.35 శాతం. ఆ రోజుల్లో ఆడపిల్లను బడికి పంపకపోవడం అప్పటితో తీరిన విషయం కాదు. ఆరు దశాబ్దాల తర్వాత అదే మెదడు జబ్బుల పట్టికలో తిరిగి కనిపిస్తోంది. లాన్సెట్ కమిషన్ 2024 నివేదిక డిమెన్షియాకు మార్చుకోగల 14 ముప్పు కారణాలను చెప్పింది. బాల్యంలో చదువు తక్కువ కావడం, వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, వాయు కాలుష్యం, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. వీటిని పరిష్కరిస్తే సుమారు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని అంచనా. అంటే బాలికా విద్య కూడా ఒక మెదడు ఆరోగ్య పథకమే.

కొత్త మందులు, పాత ప్రశ్న

అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ మందుకు 2023 జులైలో, డోనానెమాబ్‌కు 2024 జులైలో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. లెకానెమాబ్ ప్రయోగంలో 18 నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించింది. జబ్బు ఆగలేదు, తిరగలేదు. మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఉండటంతో పదేపదే ఎంఆర్ఐ తీయాలి. 2025 మేలో ఆల్జైమర్స్ నిర్ధారణకు తోడ్పడే మొదటి రక్తపరీక్షకు అక్కడ అనుమతి వచ్చింది. అది రక్తంలో టావ్, అమైలాయిడ్ ప్రొటీన్ల నిష్పత్తిని చూస్తుంది.

రక్తపరీక్ష మనలాంటి దేశానికి వరమే. పెట్ స్కాన్ జిల్లా ఆసుపత్రికి రావడం కష్టం, రక్తనమూనా రావడం తేలిక. కాని ఎంత ఉంటే జబ్బు అన్న గీత ఎవరి రక్తంతో గీశారు? మధుమేహం, రక్తపోటు విస్తారంగా ఉన్న జనంలో ఆ గీత అలాగే పనిచేస్తుందా? బల్లభ్‌గఢ్‌లో ప్రశ్నపత్రానికి ఎదురైన సమస్యే ఇప్పుడు పరీక్షనాళికకు ఎదురవుతోంది. అందుకే కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురలో బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రాంగణంలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ నడుపుతున్న 'శాన్స్‌కాగ్' అధ్యయనం ముఖ్యం. 45 ఏళ్లు పైబడిన 10,000 మంది గ్రామీణులను ఏళ్ల తరబడి గమనించడం దాని లక్ష్యం. మన గీతలు మనం గీసుకోవాలంటే ఇలాంటి పనే దారి.

విధానంలో ఎక్కడున్నాం?

రాజ్యాంగం 41వ అధికరణ వృద్ధాప్యంలో, అనారోగ్యంలో ప్రభుత్వ సాయం గురించి చెబుతుంది. 1999 వృద్ధుల జాతీయ విధానం, 2007 తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం, 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రుగ్మతను నిర్వచిస్తూ జ్ఞాపకశక్తి లోపాన్నీ చేర్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాత్రం డిమెన్షియా పేరు విడిగా లేదు.

2024లో ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు దాటిన అందరికీ వర్తింపజేశారు. మంచి నిర్ణయమే. కాని అది ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకు బీమా. డిమెన్షియా రోగి ఆసుపత్రిలో ఉండేది తక్కువ, ఇంట్లో ఉండేది ఏళ్ల తరబడి. స్నానం చేయించే మనిషికి, రాత్రంతా మేలుకునే కూతురికి ఆ కార్డుతో ఒరిగేది లేదు. కేరళ 2014లో రాష్ట్ర స్థాయి డిమెన్షియా కార్యక్రమం మొదలుపెట్టింది. కర్ణాటక 2022లో నిమ్హాన్స్‌తో కలిసి బ్రెయిన్ హెల్త్ ఇనిషియేటివ్ ప్రారంభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే డిమెన్షియాపై ప్రపంచ కార్యాచరణ ప్రణాళికను ఆమోదించి, సభ్య దేశాలను జాతీయ ప్రణాళికలు రూపొందించమంది.

2022లో మన దేశంలో 60 దాటినవాళ్లు 14.9 కోట్లు. 2050 నాటికి 34.7 కోట్లు, జనాభాలో 20.8 శాతం అవుతారని 2023 ఇండియా ఏజింగ్ రిపోర్ట్ అంచనా. కాబట్టి జవాబులో కనీసం మూడు సూచనలు రాయవచ్చు. ఒకటి, ఆశా కార్యకర్తలకు స్థానిక భాషలో, చదువుతో పనిలేని చిన్న పరీక్షపై శిక్షణ. రెండు, సంరక్షకులకు విరామమిచ్చే డే కేర్ కేంద్రాలు, సంరక్షణ భత్యం. మూడు, సర్వేల్లో "ఇబ్బంది ఉందా?" అని ఆపకుండా, "ఆమె పనులు ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?" అని అడగడం.

ఆ మూడో సూచనకు పైసా ఖర్చు లేదు. వెల్లూరులో 0.3 శాతం అన్న లెక్కలో కనబడకుండా పోయిన వృద్ధులు ఈ ప్రశ్నకు దొరుకుతారు. వాళ్లతోపాటు, ఇంతకాలం ఏ లెక్కలోనూ లేని వాళ్ల కోడళ్లు, కూతుళ్లు కూడా దొరుకుతారు.

సాధన ప్రశ్న: "భారత్‌లో డిమెన్షియా భారం తక్కువగా కనబడటానికి జీవశాస్త్రం ఎంత కారణమో, సామాజిక నిర్మాణం, కొలత పద్ధతులు అంతే కారణం." చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)